ఆటగాని కంచము: రాయపూరు మైదానములనుండి ఒక సమీక్ష

రాయపూరు నగరమున క్రీడాకారుని ఆహారమును గూర్చి రెండు మతములు ప్రబలియున్నవి. వ్యాయామశాలల పరిసరములందలి దుకాణములలో పెద్దపెద్ద ప్లాస్టిక్ డబ్బాలలో అమ్మబడు ప్రోటీన్ పొడి లేనిదే కండ పెరుగదనియు, కండ పెరుగనిదే పతకము రాదనియు విశ్వసించువారు ఒక పక్షము. 2022వ సంవత్సరము మే ఒకటవ తేదీన, శ్రామిక దినోత్సవ సందర్భమున, నాటి ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపు మేరకు ఊరూరను జనులు ఉత్సవముగా భుజించిన ‘బోరే బాసీ’ యను చద్దియన్నమే సర్వశక్తిప్రదమని వాదించువారు రెండవ పక్షము. మొదటివారు విదేశపు విజ్ఞానమును, రెండవవారు స్వదేశపు అనుభవమును సాక్ష్యమునకు పిలుచుచున్నారు. ఉభయులును ఏదో యొక విశేషపదార్థమును వెదకుచున్నారే గాని, ఆటగాని కంచములో నిత్యము కొరవడుచున్నదేమో లెక్కించుట లేదనియు, ఆ కొరతను పూడ్చుటవలన కలుగు ప్రయోజనము విశేషమును చేర్చుటవలన కలుగుదానికంటె ఎన్నో రెట్లు అధికమనియు నా అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు ఆధారమైన పరిశోధనలను ఇచ్చటి పరిస్థితులతో సరిచూచుటయే ఈ సమీక్షయొక్క ఉద్దేశము.

ఈ ప్రశ్నకు రాయపూరు తగిన స్థలము. దేశమునకు ధాన్యపు గిన్నెయని పేరొందిన ఈ మైదానప్రాంతమున వరియే పంట, అన్నమే ఆహారము. 2015లో ప్రపంచ హాకీ లీగు తుదిపోటీలు ఇచ్చటి సర్దార్ వల్లభభాయి పటేల్ అంతర్జాతీయ హాకీ క్రీడాంగణమునందే జరిగి, భారతజట్టునకు కాంస్యపతకము దక్కెను. దుర్గ్ పట్టణపు సబా అంజుమ్ 2002లో మాంచెస్టరునందు కామన్వెల్తు స్వర్ణము గెలిచిన హాకీజట్టులో ఆడినది. రాజనందగావ్‌కు చెందిన రేణుకా యాదవ్ 2016లో రియో ఒలింపిక్సునకు వెళ్లినది. నారాయణపురపు అబూజ్‌మాడ్ బాలురు మల్లఖంబ విద్యలో దేశమంతటిని ఆశ్చర్యపరచినారు. ఇక మన తెలుగువారి సంగతి. 1931లో విజయనగరమునుండి రాయపూరునకు రైలుమార్గము పూర్తియైన తరువాత, ఆ దారివెంట వచ్చి రైల్వే కొలువులలోను, వ్యాగను మరమ్మతు కర్మశాలలోను కుదురుకొన్న కుటుంబములు తమ తరవాణి కుండలను వెంట తెచ్చుకొనియే వచ్చినవి. బాసీకిని తరవాణికిని గల భేదము స్వల్పము. కావున ఇచ్చటి అన్నపు వివాదము మనకును సంబంధించినదే.

కండకు ఇంధనమేది యను ప్రశ్నకు జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ 1842లో చెప్పిన సమాధానము మాంసకృత్తు, అనగా ప్రోటీను. కండ మాంసకృత్తుతో నిర్మితమైనది గనుక, పనిచేయునప్పుడు వ్యయమగునదియు అదియే యనియు, మాంసము తినినగాని ఆ వ్యయము పూడదనియు ఆయన సిద్ధాంతము. వినుటకు ఎంతో యుక్తియుక్తముగా నుండుటచేత నేటికిని అనేకమంది శిక్షకుల మనస్సులలో అది చావక నిలిచియున్నది. శాస్త్రములో మాత్రము అది ఇరువదిమూడేండ్లకే కూలినది. 1865లో ఫిక్, విస్లిసేనుస్ అను ఇద్దరు ఆచార్యులు, మాంసకృత్తు లేని ఆహారము మాత్రమే తిని, దారిపొడవున తమ మూత్రమును సేకరించుకొనుచు, స్విట్జర్లండులోని ఫౌల్‌హార్న్ శిఖరమును ఎక్కిరి. మూత్రములోని నత్రజనినిబట్టి, ఖర్చయిన మాంసకృత్తు ఎంతో లెక్కకట్టి చూడగా, వారి శరీరభారమును అంత ఎత్తునకు మోయుటకు వలసిన శక్తికి అది చాలదని తేలెను. అనగా కండ మాంసకృత్తుతో కట్టబడియుండవచ్చును గాని, నడచుట మరియొక దానిని దహించియే.

ఆ మరియొకటి ఏదియో క్రమక్రమముగా బయటపడెను. 1924లో బోస్టను మారథాను పరుగు ముగించినవారి రక్తమును పరీక్షించిన వైద్యులు, బాగుగా అలసి సోలిపోయినవారిలో చక్కెర మిక్కిలి పడిపోయియుండుటను గుర్తించి, మరుసటి సంవత్సరము పరుగునకు ముందు పిండివంటి ఆహారమును, పరుగునడుమ మిఠాయిబిళ్లలను ఇప్పించగా, ఆ సోలుట తగ్గినది. అయినను కండలోపల జరుగుచున్నదేమో చూచినవారు లేరు. ఆ పని 1960ల నడుమ స్వీడనునందు జరిగినది. బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అను ఇద్దరు వైద్యులు కండలోనికి సూదిని గ్రుచ్చి రవ్వంత తునకను తీయు పద్ధతిని అనుసరించి, పరీక్షకు తమ శరీరములనే ఒప్పగించిరి. ఒకే సైకిలునకు ఇరుప్రక్కల ఇద్దరును కూర్చుండి, చెరియొక కాలితో మాత్రమే తొక్కుచు, ఆ కాలు ఇక కదలనని మొరాయించువరకు తొక్కిరి. రెండవ కాలు విశ్రాంతిగా వ్రేలాడుచుండెను. పిమ్మట మూడు దినములు పిండిపదార్థము పుష్కలముగా గల ఆహారమును భుజించుచు, దినదినమును రెండు తొడలలోను సూది గ్రుచ్చి చూచిరి. అలసిన కాలిలో అడుగంటిన గ్లైకోజెన్, అనగా కండలో దాగియుండు చక్కెర నిల్వ, మూడవనాటికి విశ్రమించిన కాలిలోని దానికి ఇంచుమించు రెండింతలైనది! శరీరము ఒక్కటే, ఆహారమొక్కటే, రక్తమొక్కటే. శ్రమించిన కండ మాత్రము తన వంతునకు మించి దాచుకొన్నది. 1966లో ప్రకటితమైన ఈ చిన్న పరిశోధనకంటె క్రీడాహారశాస్త్రమున అందమైనది మరియొకటి నాకు కనబడదు.

మరుసటి యేడు వారే, మరి యిద్దరితో కలసి, ఆహారమును మార్చి మార్చి ఓర్పును కొలిచినారు. ఒకే తీవ్రతతో సైకిలు తొక్కువారు, సామాన్య మిశ్రమాహారము తినినప్పుడు దాదాపు రెండు గంటలును, కొవ్వు మాంసకృత్తులు మాత్రమే తినినప్పుడు సుమారు ఒక్క గంటయును, పిండిపదార్థము తినినప్పుడు మూడు గంటలకు కొంచెము తక్కువగాను నిలువగలిగిరి. అన్నమును చూచి ముఖము చిట్లించు రాయపూరు వ్యాయామశాలాచార్యులు ఈ ఫలితము గోడపై వ్రాసికొనదగినది. నేటి అంతర్జాతీయ క్రీడావైద్యసంఘముల సూచనలును ఈ దారినే నడుచుచున్నవి: దినమునకు గంటసేపు శ్రమించువానికి కిలో శరీరభారమునకు 5 మొదలు 7 గ్రాములు, మూడు గంటలవరకు శ్రమించువానికి 6 మొదలు 10 గ్రాముల పిండిపదార్థము వలయునని చెప్పుదురు. అరువది కిలోల హాకీ ఆటగాడు 360 గ్రాములను పొందుటకు నాలుగువందల అరువది గ్రాముల బియ్యము వండుకొనవలసియుండును. అన్నము ఆటకు శత్రువన్నది అపప్రథ.

అట్లని అన్నమునకు పట్టాభిషేకము చేయుటకు వీలులేదు. ఏలయన దక్షిణదేశపు అన్నముపై ప్రతికూలముగా తీర్పు చెప్పిన మహాశాస్త్రజ్ఞుడొకడు మన చరిత్రలోనే కలడు. కూనూరులో 1918లో బెరిబెరి వ్యాధి విచారణశాఖగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థయను పేర వెలుగుచున్న సంస్థకు మూలపురుషుడైన సర్ రాబర్ట్ మెకారిసన్, దేశములోని వివిధ ప్రాంతముల ఆహారములను ఎలుకలకు పెట్టి పెంచి చూచెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు గల సిక్కుల ఆహారము తిన్న ఎలుకలు బలిష్ఠములై పెరిగినవి. మరపట్టిన బియ్యము ప్రధానముగా గల మదరాసీ, బెంగాలీ ఆహారములు తిన్నవి గిడసబారినవి. ఈ ఫలితమును పట్టుకొని, బియ్యము తినువాడు మల్లుడు కాజాలడని పలికినవారు నాడును కలరు, నేడును కలరు. మెకారిసన్ ఎలుకలు చెప్పినది అది కాదు. వాటికి లోపించినది పాలు, పప్పు, ఆకుకూర, తవుడుతో కొట్టుకొనిపోయిన విటమినులు. స్వీడను సూదియు కూనూరు ఎలుకలును పరస్పరము ఖండించుకొనుట లేదు: ఇంధనముగా అన్నము చాలును, నిర్మాణమునకు చాలదు.

నిర్మాణమునకు ఎంత వలయును? సామాన్యుడైన భారతీయునికి కిలో శరీరభారమునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తు చాలునని మన జాతీయ ప్రమాణము, క్రీడాకారునికి 1.2 మొదలు 2 గ్రాములవరకు వలయునని ప్రపంచ క్రీడావైద్యుల సమ్మతి. ఏబది కిలోల బాలిక యొక్క దినభోజనమును లెక్కింతము. మూడువందల ఏబది గ్రాముల బియ్యమునుండి ఇరువదియెనిమిది గ్రాములు, అరువది గ్రాముల కందిపప్పునుండి పదమూడు, పావులీటరు పాలనుండి ఎనిమిది, ఒక గ్రుడ్డునుండి ఆరు: వెరసి ఏబదియైదు. కావలసినది అరువది మొదలు నూరు. కొరత ఉన్నమాట నిజమే, కాని అది డబ్బాపొడి కొనవలసినంత భయంకరమైనది కాదు. ఇచ్చటివారు సోయా బడీ యనియు, మనవారు మీల్‌మేకర్ అనియు పిలుచు ఎండు ముక్కలలో సగము మాంసకృత్తే. ఏబది గ్రాములు కూరలో వేసినచో ఇరువదియైదు గ్రాములు చేరి లెక్క ఎనుబదికి పోవును. పైగా బియ్యములో తక్కువైన లైసీను పప్పుధాన్యములలో సమృద్ధిగా ఉండుటచేత, పప్పు కలిసిన అన్నము విడివిడిగా తిన్న అన్నముకంటె, విడివిడిగా తిన్న పప్పుకంటె మేలైన మాంసకృత్తునిచ్చును. దినపు మొత్తమును ఒక్కపూట కాక మూడునాలుగు పూటలకు పంచుకొనుటయు, అభ్యాసానంతరము రెండు గంటలలోపల పదునైదు గ్రాములకు తగ్గకుండ తీసికొనుటయు ఉత్తమమని పరిశోధకుల మాట.

పప్పును ప్రశంసించునప్పుడు ఈ ప్రాంతపు ఒక విషాదమును విస్మరింపరాదు. కోతకు రానున్న వరిచేలలోనే విత్తనము చల్లి, మిగిలిన తేమతోనే పండించు తివ్రా పప్పు ఛత్తీస్‌గఢ్ రైతునకు అనావృష్టిలో సైతము దిక్కైన పంట. మాంసకృత్తు కందికంటె అధికము. కాని కరవుకాలమున మాసములతరబడి దానినే ప్రధానాహారముగా తిన్నవారికి కాళ్లు బిగిసి పడిపోయెడివి. దానికి కారణమైన విషద్రవ్యమును శాస్త్రజ్ఞులు 1964లో గుర్తించిరి. విషము తగ్గించిన ప్రతీక్, మహాతివ్రా వంటి రకములను రాయపూరులోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారే రూపొందించిరి. కాళ్లకు బలమీయవలసిన ఆహారమే కాళ్లను హరించిన ఈ ఉదంతమును, ఏదో యొక పదార్థమును పట్టుకొని అదే సర్వస్వమని ప్రచారము చేయువారందరును ఒకపరి చదువవలెను.

ఇక అసలు కొరతకు వచ్చుచున్నాను. 2019 మొదలు 2021వరకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము ఛత్తీస్‌గఢ్‌లో పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల వయసు గల స్త్రీలలో నూటికి అరువదిమందికి పైగా రక్తహీనత గలవారు. అంతకు పూర్వపు సర్వేక్షణములో ఆ సంఖ్య నలువదియేడు. ఆంధ్ర, తెలంగాణములలో సైతము స్త్రీలలో సగముకంటె ఎక్కువమందిది ఇదే దురవస్థ గనుక, పొరుగువారిని చూచి జాలిపడు అధికారము మనకు లేదు. ప్రాణవాయువును కండకు చేరవేయునది రక్తములోని హిమోగ్లోబిను. దానికి ఇనుము ఆధారము. హిమోగ్లోబిను తగ్గిన బాలికకు ఎంత అన్నము పెట్టినను, ఎన్ని డబ్బాల పొడి త్రాగించినను, ఆట రెండవ అర్ధభాగములో ఆమె కాళ్లు ముందునకు సాగవు. శిక్షకుడు దానిని బద్ధకమనును. స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుము వలయునని మన ప్రమాణము. శాకాహారములో అంత దొరకుట కష్టము, దొరకినదియు సులభముగా జీర్ణము కాదు. రాయపూరు సంతలో గుట్టలు గుట్టలుగా పోసి అమ్మెడి ఎర్రని లాల్ భాజీ, చేంచ్ భాజీ వంటి ఆకుకూరలపై నిమ్మకాయ పిండుకొని తినుటయు, భోజనముతోడను వెనువెంటను టీ త్రాగుట మానుటయు అతిసులభమైన ఉపాయములు. రెండవది మొదటిదానికంటె కష్టమని నాకు తెలియును, ఈ నగరమున టీ లేని గడియ ఉండదు.

బోరే బాసీని సమర్థించువారు ఇచ్చటనే ఒక విచిత్రమైన అంకెను ముందుకు త్రోయుదురు: రాత్రి నానబెట్టిన అన్నములో తెల్లవారుసరికి ఇనుము ఇరువది రెట్లు పెరుగునట! ఇనుము మూలధాతువు, నీటిలోనుండి గాని గాలిలోనుండి గాని అది జన్మింపదు, గిన్నె ఇనుపది కానిచో అన్నములో ఎంత పడినదో అంతే యుండును. పులియుటవలన ఫైటికామ్లము కొంత విరిగి, ఉన్న ఇనుము మరికొంత సుఖముగా రక్తములో చేరుట సంభవము. అదియే దాని నిజమైన గుణము, అదియును తక్కువది కాదు. సత్యముగా గల గుణము చాలదని అబద్ధమును తగిలించుట మంచి వస్తువునకు చేయు అపచారము.

ఇచ్చట మరియొక హెచ్చరిక అవసరము. మధ్యభారతమునందు సికిల్‌సెల్ జన్యులోపము విస్తారముగా ఉన్నది. దానికై రాయపూరులో ప్రత్యేకసంస్థయే కలదు. 2023 జూలై ఒకటిన దాని నిర్మూలనకు జాతీయోద్యమము ఆరంభమైనది. పాలిపోయిన ప్రతి బాలికయు ఇనుము చాలనిది కాదు గనుక, రక్తపరీక్ష చేయింపక ఇనుపమాత్రలను పంచుట అవివేకము. ఆ లోపమును ఒక్క తల్లినుండి గాని తండ్రినుండి గాని పొందినవారు సామాన్యముగా ఆరోగ్యవంతులే యైనను, ఎండవేళ నీరు లేక ఏకబిగిని పరుగెత్తింపబడినచో ప్రాణాపాయమునకు గురియైన ఉదంతములు వైద్యచరిత్రలో కలవు. వారికి నీరును, నడుమనడుమ విరామమును ఔషధములతో సమానములు.

నీటి ప్రసక్తి వచ్చినది గనుక బాసీకి న్యాయము చేయవలెను. మే మాసమున రాయపూరు ఎండ నలువదినాలుగు, నలువదియైదు డిగ్రీలను తాకును. ఆ కాలమున పల్లెవాని ఇంట బాసీ తయారగు విధమును చూడుడు. రాత్రి మిగిలిన అన్నముపై నీరు నిండుగ పోసి మూతవేయుదురు. తెల్లవారుసరికి మెతుకు ఉబ్బి, అంచులవెంట సన్నని బుడగలు తేలి, పుల్లని వాసన వేయుచుండును. బట్‌కీ యనెడి కంచుగిన్నెలోనికి నీటితోసహా తీసికొని, ఉప్పు వేసి పిసికి, మొదట ఆ నీటిని గుక్కలుగా త్రాగి, పిమ్మట పచ్చి ఉల్లిగడ్డను, పచ్చిమిరపకాయను కొరుకుచు మెతుకులను తిందురు. చెమటలో పోవునది ప్రధానముగా నీరు, ఉప్పు. లీటరు చెమటకు సుమారు ఒక గ్రాము సోడియము నష్టము. శరీరభారములో నూటికి రెండు పాళ్లు నీరు తగ్గినచో, అనగా అరువది కిలోలవానికి ఒక కిలోకు పైచిలుకు తగ్గినచో, ఓర్పు క్షీణించునని పరిశోధకులు తేల్చిరి. 1965లో ఫ్లారిడా విశ్వవిద్యాలయమున డాక్టరు రాబర్ట్ కేడ్ అచటి ఫుట్‌బాలు జట్టునకై ఉప్పు, చక్కెర, నీరు కలిపి గేటరేడ్ తయారుచేసి లోకప్రసిద్ధుడైనాడు. ఉప్పు, గంజి, నీరు కలిపిన రాయపూరు రైతు ఏ హక్కును నమోదు చేసికొనలేదు. ఉదయాభ్యాసానంతరము ఒక గిన్నె బాసీ నీటిని, ఉప్పును, పిండిపదార్థమును ఒక్కసారిగా తిరిగి యిచ్చును. మాంసకృత్తు మాత్రము పన్నెండు గ్రాములకు మించదు గనుక, దానితో పెరుగో, ఉడికించిన శనగలో, గ్రుడ్డో చేర్చినగాని అది సంపూర్ణము కాదు. పెరుగు చేర్చిన తరవాణి మన అమ్మమ్మలకు క్రొత్త కాదు.

ఏమి తినవలెననుటకంటె ముందుగా, చాలినంత తినుచున్నారా యని అడుగవలెను. ఒకనాటి ఉదయము, రైల్వే కాలనీకి చెందిన ఒక తెలుగు కుటుంబపు బాలిక, హాకీ అభ్యాసము ముగించుకొని గట్టుపై కూర్చుండగా, “ఏం తిని వచ్చావమ్మా?” అని అడిగితిని. “టీ తాగానండీ, రెండు బిస్కెట్లు. అన్నం బడి అయ్యాకే” అని చెప్పినది. “మరి రాత్రి?” అనగా, “రాత్రి నిద్ర వచ్చేస్తుంది తాతగారూ, ఏదో కొంచెం” అని నవ్వినది. ఆ బాలిక కండలలోని చక్కెర నిల్వ రాత్రి నిండక, ఉదయము ఖర్చయి, మధ్యాహ్నమువరకు అట్లే యుండును. ఈ స్థితి ఏండ్లతరబడి సాగినచో ఋతుక్రమము తప్పుటయు, ఎముకలు పెళుసగుటయు, మాటిమాటికి గాయపడుటయు సంభవించునని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు 2014లో ఒక ప్రత్యేక ప్రకటనలోనే హెచ్చరించినారు. ఆటగానికి అధికాహారము వలయునను ఎరుక క్రొత్తది కాదు. బిలాసపూరులో 1927లో జన్మించిన లెస్లీ క్లాడియస్ ఆడిన భారత హాకీజట్టు 1948లో స్వర్ణము గెలిచిన లండను ఒలింపిక్సు, రేషను కాలమున జరిగినవి. సామాన్య పౌరునకు దినమునకు సుమారు 2,600 కేలరీలు దొరకుచుండగా, క్రీడాకారులకు రేవుకూలీలతోను గనికార్మికులతోను సమానముగా 5,467 కేలరీల పంపిణీని ప్రత్యేకించిరి. యుద్ధముతో చితికిపోయిన దేశము సైతము, ఆటను బరువుపనిగా గుర్తించి కూలివాని పాళ్లను ఆటగానికి కొలిచినది. మన వసతిగృహములలో నేటికిని విద్యార్థి పాళ్లనే కొలుచుచున్నాము.

బరువు తరగతుల క్రీడలలో ఈ లోటు బుద్ధిపూర్వకముగానే తెచ్చుకొనబడును. 2024 ఆగస్టు 7న పారిస్‌లో వినేశ్ ఫోగట్ నూరు గ్రాముల ఆధిక్యముచేత తుదిపోటీకి అనర్హురాలైనప్పుడు దేశమంతయు ఆ నూరు గ్రాములనే చూచినది. దాని ముందటి రాత్రి నీరు ముట్టక, నిద్రింపక, చెమటోడ్చి ఆమె కరగించిన బరువునుగూర్చి పలికినవారు కొందరే. రాజనందగావ్ బరువులెత్తు ఆడపిల్లలకు, జ్ఞానేశ్వరీ యాదవ్ 2022లో జూనియరు ప్రపంచపోటీలలో రజతము గెలిచిననాటినుండి ఉత్సాహము మిక్కుటమైనది. వారికి మొదట నేర్పవలసినది ఏ తరగతి శరీరమునకు సహజమో ఆ తరగతిని ఎన్నుకొనుట. సిడ్నీలో 2000లో కాంస్యము గెలిచిన మన కరణం మల్లీశ్వరి అంతకుముందు 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత. శరీరము పెరిగినకొలది తరగతిని పెంచుకొని, 69 కిలోలలో 240 కిలోలెత్తినది.

డబ్బాలనుగూర్చి చెప్పవలసినది తక్కువ. అమ్మబడు వందలకొలది పదార్థములలో ఆటకు ప్రత్యక్షముగా తోడ్పడునని బలమైన నిదర్శనము గలవి కెఫీను, క్రియాటిను, నైట్రేటు, బీటా అలనీను, సోడాఉప్పు. ఇవియు కొన్ని ఆటలకే, కొద్దిపాటిగానే. ప్రోటీన్ పొడి సామాన్యముగా పాలవిరుగుడునుండి తీసినది. పాలు దొరకనిచోట దానికి ఉపయోగము కలదు. కల్తీ డబ్బాలో నిషిద్ధద్రవ్యము కలిసియుండి, ఎరుగక తిన్నవానికి శిక్షపడిన సందర్భములు కలవు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్, తాను త్రాగని శీతలపానీయమునకు ప్రచారము చేయనని పెద్దమొత్తమును త్రోసిపుచ్చెను. ఆయనయే 2016లో రియో పోటీల సందర్భమున తన శిష్యురాలు సింధును ఐస్‌క్రీమునకు, తీయని పెరుగునకు దూరముగా ఉంచెనని చదివినప్పుడు, క్రమశిక్షణకు మెచ్చుకొంటిని గాని, పెరుగుపై మాత్రము నాకు జాలి కలిగినది.

ఇంతవరకు చెప్పిన పరిశోధనలలో అత్యధికభాగము ఐరోపా, అమెరికాలలో, రొట్టె తిను పురుషులపై జరిగినవి. అన్నము తిను, రక్తహీనత గల, నలువది డిగ్రీల ఎండలో ఆడు బాలికపై జరుగవలసిన పరిశోధనకు రాయపూరులో సమస్తమును కలదు: వేలకొలది వరిరకములను భద్రపరచి, జింకు అధికముగా గల వరిని రూపొందించిన వ్యవసాయ విశ్వవిద్యాలయము, అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ, సికిల్‌సెల్ సంస్థ, నీలి హాకీ మైదానము, తెల్లవారుజామున దానిపై పరుగెత్తు పిల్లలు. మొదటి సంవత్సరపు పనికి డబ్బాపొడి ఖర్చైనను అక్కరలేదు. ప్రతి బాలికకు రక్తపరీక్ష, అభ్యాసమునకు ముందు వెనుకల తూకము, అభ్యాసము ముగియగానే మైదానమునందే పెరుగుతోను శనగలతోను ఒక గిన్నె బాసీ, ఆరునెలలకొకసారి మరల రక్తపరీక్ష, గడియారముతో పరుగు కొలత: ఇవి చాలును.